పూతపని బాత్మా సొంత ఇల్లు

కరాకోల్ ఊళ్లో బాత్మా చెయ్యి పడని వీధి లేదు. మూడో నంబరు బడి, ప్రసూతి ఆసుపత్రి, రొట్టెల కర్మాగారం వెనకున్న నాలుగంతస్తుల ఇళ్లు, వీటన్నిటికీ గోడపూత పూసిన పదకొండుమంది ఆడవాళ్లలో ఆవిడ ఒకతె. నేనూ ఒకతెను. మాది ఒకే బ్రిగేడు, అంటే ఒకే పనిజట్టు. మా అందరిలోకీ ఆవిడ చెయ్యి వేరు. మేం పూసిన గోడకు పక్కనుంచి దీపం పట్టి చూస్తే గుంటలూ గట్లూ బయటపడేవి. బాత్మా గోడ మాత్రం ఎటునుంచి వెలుగు పడినా గాలిలేని పూట మా ఊరి సరస్సులా ఉండేది.

పదిహేడేళ్లప్పుడు జెతీ-ఒగూజ్ వైపు పల్లెనుంచి వచ్చి పని నేర్పే బళ్లో చేరింది. పంతొమ్మిదో ఏట తండ్రి పోయాడు. ఇంట్లో ఇద్దరు చెల్లెళ్లు. వాళ్లకు బట్టలూ చదువులూ పెళ్లిళ్లూ అన్నీ బాత్మా తాపీ మీదే నడిచాయి. ఆవిడ మాత్రం నాలుగు మంచాలున్న హాస్టలు గదిలో కిటికీ పక్క మంచం మీదే ఉండిపోయింది. చిన్నచెల్లెలి పెళ్లయ్యేసరికి ఈమెకు ముప్పై ఆరు. పెళ్లికి అడిగేవాళ్లు అడగడం మానేశారు. ఆ తర్వాత మేం పనిచేసే నిర్మాణ ట్రస్టు మూతపడింది. మాలో కొందరు బజార్లో కొట్లు పెట్టుకున్నారు, నేను బడి వంటగదిలో చేరాను. బాత్మా ఒక పాత సైకిలుకి బకెట్టు తగిలించుకుని ఇళ్లిళ్లకూ సున్నం వెయ్యడానికి తిరిగింది.

"ఊరందరికీ గోడలు పూస్తావు, నీకంటూ ఒక గోడ లేదు కదే" అనేదాన్ని నేను.

"నాకెందుకే గోడలు? దారిలో పోతుంటే అన్నీ నావే కనిపిస్తాయి" అనేది.

ఊరికే అనడం కాదు. ఎవరింటి చూరు కారి గోడ తడుస్తుంటే సైకిలు ఆపి తలుపు కొట్టేది. "మీ గొట్టం చిల్లుపడింది, నా గోడ పాడవుతోంది" అని చెప్పి వెళ్లిపోయేది. ఆ ఇంటివాళ్లు తెల్లబోయి చూసేవాళ్లు.

నలభై మూడో ఏట ఆవిడ ఊరి చివరున్న వాతావరణ కేంద్రంలో సున్నం పనికి వెళ్లింది. అక్కడ ఒరోజ్ అని ఒకాయన ఉద్యోగం. యాభై ఏళ్లుంటాయి. పడుచుతనంలోనే భార్య జబ్బుచేసి పోయింది, పిల్లలు లేరు. కేంద్రం వెనక గదిలోనే కాపురం. మూడు గంటలకోసారి బయటికెళ్లి వేడి ఎంత, గాలి ఎంత, వాన ఎంత అని చూసి రాసుకోవడం ఆయన పని. ఇరవై ఐదేళ్లు అదే పని చేసి చేసి, ప్రతిదానికీ ఎంత, ఎప్పుడు అని అడగడం అలవాటైపోయింది.

"ఇది ఎప్పటికి ఆరుతుందండీ?" అని అడిగాడట మొదటిరోజు.

"రేపు పొద్దుటికి."

"పొద్దుటికంటే ఎన్నింటికి?"

బాత్మా కుంచె ఆపి ఆయన వంక చూసింది. "గోడని అడిగి చెబుతాను" అంది.

మర్నాడు ఏడింటికి వెళ్లేసరికి ఆయన గోడ ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. "ఆరూ నలభైకి ఆరింది" అన్నాడు.

నాలుగురోజుల్లో అయిపోయే పని తొమ్మిది రోజులు పట్టింది. ఈ మూల అంటలేదనిపిస్తోంది, ఆ కిటికీ పక్కన మచ్చ ఉందనిపిస్తోంది అంటూ ఆయనే పొడిగించాడు. తొమ్మిదో రోజు సాయంత్రం బాత్మా బకెట్టు కడుక్కుంటూ, "ఇంక వెయ్యడానికి మీ దగ్గర గోడలు లేవు" అంది. ఒరోజ్ కాసేపు నేలకేసి చూసి, "అడగాల్సిన మాట ఒకటి మిగిలింది. దానికి గోడలక్కర్లేదు" అన్నాడు. బాత్మా ఆ మాట నాకు చెప్పేటప్పుడు మొహం పక్కకు తిప్పుకుంది. నలభై మూడేళ్ల మనిషి, చెంపలు పండిన మిరపకాయల్లా ఉన్నాయి.

పెళ్లయ్యాక మరుసటి వసంతంలో ఇద్దరూ దాచుకున్నది కలిపి ఒక ఇల్లు కొన్నారు. మా ఇంటికి ఎదురుగా, సందుకి అవతల. ఐదు చలికాలాలు ఎవరూ లేక పడున్న పాత మట్టి ఇల్లు. అంతకుముందున్న జర్మన్ కుటుంబం వాళ్ల దేశం వెళ్లిపోయింది, తర్వాత కొన్నవాడు మాస్కో వైపు కూలికిపోయి మళ్లీ రాలేదు. రేకులు సగం ఎగిరిపోయాయి. నేల పలకలు ఎవరో పీకి పొయ్యిలో పెట్టుకున్నారు. ఇంటి మధ్యలో ఉన్న ఇటుకల పొయ్యి పైనుంచి కిందకి చీలింది. ఉత్తరంవైపు గోడ నడుమెత్తు దాకా తడిసి, ఉప్పు పూసినట్టు తెల్లగా పొంగింది. బాగున్నవల్లా కిటికీ రెక్కలే, వాటిమీద చెక్కిన పువ్వులతో సహా.

"దీనికంటే పెరట్లో గుడారం వేసుకోండే, వెచ్చగా ఉంటుంది" అన్నాను.

మా వైపు ఎవరైనా ఇల్లు కడుతుంటే చుట్టాలనీ ఇరుగుపొరుగునీ పిలుస్తారు. ఒకపక్క పెద్ద డేగిసాలో మాంసం ఉడుకుతుంటుంది, ఇంకోపక్క మగవాళ్లు మట్టి తొక్కుతుంటారు. వారంలో గోడలు లేస్తాయి. బాత్మా చెల్లెళ్లు మొగుళ్లతో సహా రావడానికి సిద్ధంగా ఉన్నారు. బాత్మా వద్దంది.

"పైకప్పుకి పిలుస్తాను, అది ఇద్దరి వల్ల కాదు. గోడలకీ నేలకీ మాత్రం ఎవరూ వద్దు."

"నేను కూడానా?" అన్నాను.

"నువ్వు కూడా. ఇరవై ఏళ్లు పదకొండుమందిలో ఒకదాన్నిగా పనిచేశాను ఊల్కన్. ఈ ఒక్క ఇల్లు మా ఇద్దరి చేతులమీదా కానీ."

"ఆయన చేతులా? పెన్సిలు తప్ప ఇంకోటి పట్టుకున్నాడా ఎప్పుడైనా?"

"నేర్పిస్తాగా" అంది.

నాకు నొచ్చింది. అయినా మా వంటింటి కిటికీ వాళ్ల పెరట్లోకే తెరుచుకుంటుంది కాబట్టి, ఆ ఏడాది జరిగిందంతా నేను చూస్తూనే ఉన్నాను, వింటూనే ఉన్నాను.

ఏప్రిల్‌లో పైకప్పు అయింది. తర్వాత మట్టి మొదలుపెట్టారు. బంకమన్ను, ఇసక, తరిగిన గోధుమగడ్డి, గుర్రపు పేడ కలిపి గుంటలో నానబెట్టి కాళ్లతో తొక్కాలి. ఒరోజ్ ప్యాంటు మోకాళ్లదాకా మడిచి దిగాడు. కాసేపాగి చొక్కా జేబులోంచి థర్మామీటరు తీసి మట్టిలో గుచ్చాడు.

"ఏడు డిగ్రీలు" అన్నాడు.

"ఏమిటి ఏడు?"

"మట్టి. నా కాళ్లు ఎందుకు మొద్దుబారాయో చూద్దామని."

అప్పట్లో బాత్మా ఆయన్ని "మీరు" అనేది. తాపీ ఇలా పట్టుకోండి, మట్టి అంత తీసుకోకండి, విసరండి, పెట్టకండి, అని ఎంతో మర్యాదగా నేర్పేది. ఆయన విసిరిన మట్టి గోడకు తగిలి, ఆలోచించుకుని, నేలమీద పడేది. మే నెలలో ఒకరోజు ఆవిడ పొద్దుటినుంచీ చదును చేసిన గడప మీదుగా ఆయన బకెట్టు తెచ్చి, కాలు జారి, మట్టితో సహా దానిమీదే కూర్చున్నాడు.

"నువ్వు మనిషివా, మేకవా?" అని బాత్మా అరిచిన అరుపు మా వంటింట్లోకి వినిపించింది.

నేను గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డాను.

"మళ్లీ అను" అన్నాడు ఒరోజ్.

"ఏమని?"

"మేక సంగతి వద్దులే. ముందు 'నువ్వు' అన్నావే, అది."

ఆ రోజునుంచి ఆయన్ని నువ్వు అనే పిలిచింది.

ఉత్తరం గోడ దగ్గర బాత్మాకు అసలు కోపం వచ్చింది. మట్టిగోడ మీద ఎవడో రెండు వేళ్ల మందాన సిమెంటు పూశాడు. అలా పూస్తే లోపలి తడి బయటికి రాలేదు, గోడ లోపల్లోపలే కుళ్లిపోతుంది. ఆ సిమెంటంతా ఉలితో చెక్కి తీసే పని ఒరోజ్‌కి పడింది. రోజూ ఉద్యోగం నుంచి వచ్చి ఠంగు ఠంగుమని కొట్టేవాడు. పక్కన బాత్మా తిట్లు.

"ఏ చచ్చుమేస్త్రీ చేశాడో ఈ పని. మట్టికి ఊపిరాడకుండా గొంతు నొక్కేశాడు. వాడి చెయ్యి విరిగిపోను."

జూన్‌లో ఒక ఆదివారం నన్ను పిలిచింది, పనికి కాదు, చూడ్డానికి. లోపలి గదిలో అడ్డగోడకున్న పాత కాగితాన్ని ఒరోజ్ తడిపి తడిపి ఊడదీస్తున్నాడు. దాని కింద నీలం పువ్వుల వరస కనిపించింది. సున్నం మీద రబ్బరు చక్రంతో దొర్లించి అద్దిన పువ్వులు, మా రోజుల్లో ప్రతి ఇంట్లోనూ ఉండేవి. నేను దగ్గరికెళ్లి చూశాను. మూడో పువ్వుకి ఒక రేకు లేదు. ఆరో పువ్వుకీ లేదు. తొమ్మిదోదానికీ లేదు.

ఆ చక్రాన్ని ఎర్రగా కాలుతున్న పొయ్యి మీద పడేసింది నేనే. డెబ్భై ఏడులో. ఒక రేకు కరిగిపోయిందని మా మేస్త్రమ్మ నన్ను వారం రోజులు తిట్టింది. ఆ ఏడు ఈ వీధిలోనే ఒకే నమూనా ఇళ్లు పద్దెనిమిది, నవంబరు విప్లవ పండక్కి ముందే అప్పజెప్పాలి. బయటిగోడల లోపలి పూతకి సున్నం రాలేదు, సిమెంటు ఉంది, అదే పూయమన్నారు. పూశాం. మట్టి మీద సిమెంటు ఎందుకని ఒక్కళ్లం కూడా అడగలేదు. తర్వాత ఆ ఇళ్లకి వరండాలూ కంచెలూ లేచి, ఏది ఏదో గుర్తుపట్టలేకుండా మారిపోయాయి.

ఆ రోజు ఆ సంగతి దాచిపెట్టి, టీ తాగి వచ్చేశాను. ఆ తర్వాత రెండువారాలు వంటింట్లో నిలబడి ఆ తిట్లు వింటూనే ఉన్నాను. ఇంక నావల్ల కాలేదు. ఒక సాయంత్రం రొట్టె పట్టుకుని వెళ్లి, వాళ్లిద్దరూ పెరట్లో టీ తాగుతుంటే చెప్పేశాను.

బాత్మా నమ్మలేదు. లేచి లోపలికెళ్లింది. కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది: రేకులేని పువ్వు మీద వేలు పెట్టి, అక్కణ్ణించి ఇంకోదానికీ, ఇంకోదానికీ జరుపుకుంటూ పోయింది. చాలాసేపటికి బయటికొచ్చి మెట్టు మీద కూర్చుంది.

"ఉత్తరం గోడ నేనే పూశాను. చలిగా ఉండే గోడలు ఎప్పుడూ నాకే ఇచ్చేవాళ్లు" అంది. "ఇన్నాళ్లూ నన్ను నేనే తిట్టుకుంటున్నానన్నమాట."

ఒరోజ్ ఆవిడ గిన్నెలో టీ పోశాడు. "అయితే మన ఇంటి పని ఇరవై నాలుగేళ్ల కిందటే మొదలుపెట్టావు. నాకు చెప్పనేలేదు" అన్నాడు.

"నవ్వకు."

"నవ్వట్లేదు. ఆ పూత ఊడదియ్యడానికి నాకు మూడువారాలు పట్టింది. చచ్చుమేస్త్రీ పని అయితే మూడు రోజుల్లో ఊడేది."

బాత్మా ఆ టీ అంతా తాగింది. నావైపు తిరిగి, "రెండువారాలు కడుపులో పెట్టుకున్నావా? నిద్రెలా పట్టిందే నీకు?" అని అడిగింది.

"పట్టలేదు" అన్నాను.

జులైలో పొయ్యి కట్టుకున్నారు, నేల పరుచుకున్నారు. ఆగస్టు మధ్యకి పెద్దగది మిగిలింది. బాత్మా రెండు ఎత్తుపీటల మీద పలక వేసుకుని గోడ పైభాగం పూస్తుంటే పలక పక్కకి జరిగింది. కుడిచెయ్యి కింద పెట్టి పడింది. మణికట్టు దగ్గర రెండు ఎముకలు విరిగాయి. ఆసుపత్రిలో పిండికట్టు వేశారు. ఆవిడ ఆ కట్టును అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ పూత ఎవరు పూశారండీ? చదునుగా లేదు" అని డాక్టరుని అడిగిందట.

నేను చూడ్డానికెళ్తే మంచం మీద కూర్చుని ఉంది. "చెయ్యి విరిగిపోను అని తిట్టాను కదా, సరిగ్గా తగిలింది" అంది. నవ్వబోయి ఆగిపోయింది. "పెద్దగది మొత్తం అలాగే ఉంది ఊల్కన్. మంచు పడేలోపు పూత ఆరకపోతే మొత్తం ఊడి పడుతుంది. ఆయన వల్ల కాదు. నువ్వు తాపీ తెచ్చుకో."

మర్నాడే పెట్టె అడుగునుంచి తాపీ తీసి, తుడిచి, సంచిలో వేసుకుని వెళ్లాను. గేటు దగ్గర ఒరోజ్ నిలబడి ఉన్నాడు.

"రండి వదినా. టీ తాగండి. తాపీ మాత్రం సంచిలోంచి తియ్యకండి" అన్నాడు.

"బాత్మా రమ్మంది ఒరోజ్ గారూ."

"తెలుసు. నేను చేస్తాను."

వెనకనుంచి బాత్మా వచ్చింది. "నువ్వు చేస్తే వచ్చే ఏటికి ఆరుతుంది."

"సెప్టెంబరు ఇరవై ఆరు దాకా గట్టి మంచు పడదు. పదేళ్ల లెక్క నా దగ్గరుంది. ఇంకా నలభై రోజులు. రోజుకో నిలువుపట్టీ పూస్తే అయిపోతుంది."

"నీ పదేళ్ల లెక్క ఆకాశానికి తెలుసా?"

"ఆకాశానికి తెలీదు. నాకు తెలుసు." ఆయన గొంతు పెంచలేదు. "ఇద్దరి చేతులమీదా కావాలన్నది నువ్వు. నాలుగు చేతుల్లో ఒకటి తగ్గింది. మూడున్నాయి."

బాత్మా ఆయన మొహంలోకి చూసి, తర్వాత నా సంచి వైపు చూసింది. నేను టీ తాగి వచ్చేశాను.

ఆ రోజునుంచి మా వంటింట్లోకి కొత్త మాటలు వినిపించసాగాయి. బాత్మా తలగుడ్డతో చెయ్యి మెడకు కట్టుకుని, బోర్లించిన బకెట్టు మీద కూర్చునేది. ఒరోజ్ గోడ దగ్గర.

"భుజం కాదు, మణికట్టు తిప్పు. మణికట్టు ఏది? అది మోచెయ్యి."

"తిప్పుతున్నాను."

"అది తిప్పడమా? పెరుగు చిలుకుతున్నట్టుంది."

"పెరుగు చిలకడం కూడా నాకు రాదు బాత్మా."

"అదీ కనిపిస్తోంది."

పది రోజులు ఇలాగే నడిచింది. పదకొండో రోజు ఏ శబ్దమూ లేదు. మధ్యాహ్నం దాకా చూసి, వేడి రొట్టెలు పట్టుకుని వెళ్లాను. తలుపు తీసే ఉంది. బాత్మా బకెట్టు మీద కూర్చుని ఏడుస్తోంది. ఒరోజ్ తాపీ పట్టుకుని ఆవిడ ఎదురుగా మట్టి పడ్డ నేల మీదే కూర్చున్నాడు. నేను వచ్చింది ఇద్దరూ చూడలేదు.

"నొప్పిగా ఉందా?" అని అడిగాడు.

"నొప్పి కాదు." ఎడంచేత్తో మొహం తుడుచుకుంది. "ఎవరెవరి ఇళ్లో పూశాను. పేరు తెలీనివాళ్లవి కూడా. నా ఇంటి దగ్గరికొచ్చేసరికి నా చెయ్యి లేకుండా పోయింది. కూర్చుని నీమీద అరుస్తున్నాను."

"అరుచుకో. నాకేం నష్టం లేదు."

"నీకు రావట్లేదయ్యా."

"రావట్లేదు" అని ఒప్పుకున్నాడు. "నువ్వు చెప్పేది అర్థమవుతోంది, చేతికి చేరేసరికి ఎటో పోతోంది. నాకు చూసి చెయ్యడమే తెలుసు. పరికరంలో సూది ఎక్కడుందో చూస్తాను, రాస్తాను. ఇక్కడ ఏ సూదీ లేదు."

బాత్మా ఏడుపు ఆపి ఆయన్ని చూసింది. ఆ మాటలో ఆవిడకేదో దొరికింది. లేచి గోడ దగ్గరికి నడిచింది. "ఇలా రా. గోడ రుద్దే ఆ చెక్కపలక పట్టుకో. కళ్లు మూసుకో" అంది.

"కళ్లు మూసుకుంటే ఎలా కనిపిస్తుంది?"

"కనిపించకూడదనే. మూసుకో."

ఆయన కళ్లు మూసుకున్నాడు. ఆవిడ తన ఎడంచేతిని ఆయన కుడిచేతి మీద వేసి, పలకను గోడమీద గుండ్రంగా తిప్పుతూ నెమ్మదిగా నడిపించింది.

"గుంట వచ్చింది. తెలిసిందా?"

"లేదు."

"మళ్లీ."

పలక మళ్లీ అదే చోటికి వచ్చింది.

"ఇక్కడా?" అన్నాడు.

"ఊఁ. ఇప్పుడు ఏం చెయ్యాలో చెయ్యి చెబుతుంది. దాన్ని చెప్పనీ."

రొట్టెలు గడప పక్కన పెట్టి నేను వచ్చేశాను. ఆ తర్వాత కూడా అరుపులు వినిపించాయి కానీ, మధ్యమధ్య పలక గోడమీద గుండ్రంగా తిరిగే చప్పుడు వినిపించేది. ఆ చప్పుడు మాలాంటివాళ్లకు తెలుస్తుంది. కొత్తవాడు రుద్దితే గీరినట్టుంటుంది. నెలాఖరుకు ఒరోజ్ గీరడం మానేశాడు.

మంచు సెప్టెంబరు పంతొమ్మిదిన పడింది, వారం ముందుగా. చెయ్యి కుదిరాక ఆయన కొన్ని రోజులు రెండేసి పట్టీలు పూశాడు కాబట్టి చివరి రెండే ఇంకా పచ్చిగా ఉన్నాయి. కిటికీలకు మందపాటి ఉన్ని తివాచీలు కట్టి, కొత్త పొయ్యి ఆరకుండా రెండు రోజులు కర్ర వేస్తూనే ఉన్నారు. ఒరోజ్ గోడ పైన ఒక థర్మామీటరు, కింద ఒకటి తగిలించాడు. తలుపు పక్కన అరచేతంత ముక్క ఒక్కటే ఊడింది.

"పదేళ్ల లెక్క ఏమైందయ్యా?" అంది బాత్మా.

"పదకొండో ఏడు కలిసింది" అన్నాడు.

అక్టోబరు మొదటివారంలో పిండికట్టు తీశారు. మణికట్టు పూర్తిగా తిరగలేదు, ఇప్పటికీ తిరగదు. ఇంటికొచ్చి ఆవిడ మొదట చేసిన పని పెద్దగది గోడను తడిమి చూడటం. నేను అక్కడే ఉన్నాను. పక్కనుంచి ఎండ పడుతోంది, ఎత్తుపల్లాలన్నీ కనిపిస్తున్నాయి. నాకే చెయ్యి దురదపెట్టింది, ఆవిడకెలా ఉందో అనుకున్నాను. ఎడమ అరచెయ్యి గోడకానించి ఈ మూలనుంచి ఆ మూలకు నడిచింది.

"ఇవి మొదటి రోజులు, చిలికిన పెరుగు" అంది. "ఇక్కడ నీకు జలుబు చేసింది. ఇది నేను ఏడ్చిన రోజు." ఇంకొంచెం నడిచి ఆగింది. అదేచోట రెండుసార్లు తడిమింది. "ఇక్కణ్ణించి బాగుంది."

"చదును చేసేస్తావా?" అని అడిగాడు ఒరోజ్, తప్పుచేసినవాడిలా.

"వచ్చే ఏడు చూద్దాం" అంది. ఆ వచ్చే ఏడు ఇంకా రాలేదు.

రంగు దగ్గర మాత్రం నిజంగా పోట్లాడుకున్నారు. బాత్మాకు గోడంటే తెలుపు, అందులో చిటికెడు నీలిమందు. ఒరోజ్‌కి పండిన ఆప్రికాట్ రంగు కావాలి.

"ఇల్లా, జామ్ సీసానా?"

"ఊరందరికీ తెలుపే వేశావు. నీకేం రంగు ఇష్టమని ఎప్పుడైనా ఎవరైనా అడిగారా?"

ఆవిడ మూడు రోజులు ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు. నాతో మాత్రం అంది: "ఆలోచిస్తున్నానే. నాకేం ఇష్టమో నాకు తెలియట్లేదు." నాలుగోరోజు ఆయన్ని వెంటబెట్టుకుని బజారుకెళ్లి రకరకాల రంగుపొడులు తెచ్చింది. గోడమీద అరచేతంత మచ్చలు పదహారు వేసి, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి వాటి ముందు నిలబడేది. చివరికి ఒకదాని మీద వేలు పెట్టింది. మేం రోజూ తాగే పాలు కలిపిన టీ రంగు. ఒరోజ్‌కి కాస్త నిరాశ కలిగింది కానీ, ఆవిడ మొహం చూసి బకెట్టు అందుకున్నాడు.

లోపలి గదిలో ఆ నీలం పువ్వుల్ని ఒక వరసైనా ఉంచమని నేను అడిగాను. నాకు వాటిమీద మనసుపోయింది. మా పడుచుతనం అది.

"నువ్వు కాల్చిన రేకును రోజూ లేచి నేను చూడాలా?" అని బాత్మా వాటిమీద రెండు పూతలు సున్నం వేసింది, ఎడంచేత్తో.

గృహప్రవేశానికి చెల్లెళ్లిద్దరూ వచ్చారు. తామే కుట్టిన ఉన్ని తివాచీ పరిచారు, గొర్రెను కోశారు. పిల్లలు బోర్సోక్‌లు, నూనెలో వేయించిన పిండిముక్కలు, జేబుల్లో నింపుకుని కొత్త నేలపలకల మీద జారుతూ ఆడారు. ఒక ముసలి వడ్రంగి గోడకు చెంప ఆనించి ఒంటికన్నుతో చూసి, "ఈ గోడ తాగినట్టుంది అమ్మాయ్, నీ చేతి పనిలా లేదే" అన్నాడు. అందరూ ఒరోజ్ వైపు చూశారు.

"నా చేతి పని కాదు బాబాయ్, మా ఆయన చేతి పని" అంది బాత్మా. "ఈ వసంతం దాకా తాపీ ఎటు పట్టుకోవాలో తెలీని మనిషి. మీకు వడ్రంగం ఎన్నాళ్లకు వచ్చింది?"

ముసలాయన టీ గిన్నె అందుకున్నాడు. ఒరోజ్ లేచి, పొయ్యిలో కర్ర వెయ్యాలన్నట్టు అవతలికెళ్లాడు. పొయ్యి నిండా కర్రలున్నాయి.

ఇదంతా జరిగి పద్నాలుగేళ్లవుతోంది. బాత్మా కుడిచెయ్యి మట్టి విసరడానికి ఇక పనికిరాలేదు. చదును చెయ్యడం ఎడంచేత్తో నేర్చుకుంది. ఒరోజ్ ఉద్యోగం మానాక ఇద్దరూ కలిసే పనులకి వెళ్లేవాళ్లు: ఆయన కలుపుతాడు, విసురుతాడు, ఆవిడ చదును చేస్తుంది. మా వంటిల్లు కూడా వాళ్లే పూశారు. ఆ నాలుగు రోజులూ మట్టిలో గడ్డి ఎంతుండాలన్న దాని మీద పోట్లాడుకుంటూనే ఉన్నారు. మధ్యాహ్నం అన్నం దగ్గర మాత్రం ఆవిడ గిన్నెలోని కొవ్వుముక్కలు ఆయన గిన్నెలోకి, ఆయన గిన్నెలోని మిరపకాయలు ఆవిడ గిన్నెలోకి మారేవి. అడగకుండానే మారేవి.

ఇప్పుడు ఊళ్లోవాళ్ల పనులు తగ్గించుకున్నారు. ఈ వేసవిలో తమ ఇంటికి వరండా మొదలుపెట్టారు. నిన్న పొద్దున నేను వంటింటి కిటికీ తీసేసరికి ఇద్దరూ వరండా రాళ్ల మీద పక్కపక్కనే కూర్చుని చెర్రీ పళ్లు తింటున్నారు. ఆయనకు అరవై ఐదు, ఆవిడకు యాభై ఎనిమిది.

"ఇది అయిపోయాక ఏం చేద్దాం?" అని ఒరోజ్ అడిగాడు.

"కోళ్లగూడు" అంది బాత్మా.

"మనకి కోళ్లు లేవుగా?"

"గూడుంటే వస్తాయి" అని గింజ ఊసి, ఇంకో పండు తీసుకుంది.